బావ కింద, బామ్మర్ది పైన

పాల్వంచ నుంచి ములకలపల్లి వెళ్ళే దారిలో అడవి, మధ్యమధ్యలో పామాయిల్ తోటలు. ఊరికి కాస్త ఎడంగా ఉన్న కోయగూడెంలో బావాబామ్మర్దులిద్దరు అమెరికా గాయకుల జంట సైమన్, గార్‌ఫంకెల్‌ల తీరులో జంటగా పాడటం నేర్చుకుంటున్నారంటే చూద్దామని వెళ్ళాను. బావ కరెంటు పని చేస్తాడు, బామ్మర్ది డిగ్రీ చదువుతున్నాడు. గురువు లేడు. యూట్యూబు, ఒక పాత గిటారు, అంతే.

మన యుగళగీతాల్లో ఘంటసాల ఒక పాదం పాడితే సుశీల మరో పాదం అందుకుంటుంది. కలిసి పాడినచోట ఇద్దరిదీ దాదాపు ఒకే వరస. కోయలు ఆడుతూ పాడే రేలపాటలోనూ ఒక జట్టు ఎత్తుకుంటే రెండో జట్టు అందుకుంటుంది. ఒకే మాటను ఒకే క్షణంలో ఇద్దరూ వేర్వేరు స్వరాల్లో పలకడం ఇళయరాజా కోరస్‌లలో విన్నాం గానీ, మన గొంతుకు అది అలవాటు లేని పని.

వీళ్ళ సాధన శంకరాభరణం స్వరాలతో మొదలైంది. బావ ‘స’ పట్టుకుంటే బామ్మర్ది ‘గ’ పట్టుకోవాలి. కింద సరిగమ, పైన గమపద, ఇద్దరూ ఒకేసారి ఎక్కాలి. కాస్త ఎక్కేసరికి చిన్నవాడి గొంతు జారి బావ స్వరంలో పడిపోతోంది. పక్కవాళ్ళ గొంతులో కలవడమే పాట అనుకుంటూ పెరిగిన పిల్లవాడు మరి! చెవులు మూసుకుంటే సరిగ్గానే పాడుతున్నాడు, కానీ అప్పుడది జంట పాట కాదు. గమకం వేసినా కుదరదు, రెండు స్వరాల మధ్య దూరం చెదిరిపోతుంది.

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో చిన్నప్పటి స్నేహితులైన సైమన్, గార్‌ఫంకెల్ 1957లో టామ్ అండ్ జెర్రీ పేరుతో మొదటి రికార్డు తెచ్చారు. వాళ్ళకు ఒరవడి ఎవర్లీ సోదరుల జంటపాట. సైమన్, గార్‌ఫంకెల్ ముఖాముఖి కూర్చుని ఒకరి నోరు ఒకరు చూస్తూ సాధన చేసేవారట. ఇంగ్లిష్ మాట చివరి ‘స్’ ఇద్దరి నోటా ఒకేసారి రాకపోతే రెండు బుసలు వినిపిస్తాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కనుక ఆ బాధ లేదు గానీ, అచ్చును ఎవరిష్టం వాళ్ళు సాగదీస్తారు. స్టూలు మీద పెట్టిన ఫోన్లో రికార్డు చేసింది బావాబామ్మర్దులు వినిపించారు. ప్రతి పాదం చివరా చిన్నవాడి ‘ఆ’ తోకలా మిగిలిపోయింది. ఇప్పుడు బావ మోకాలి మీద వేలితో కొట్టగానే ఆపాలి. పై గొంతు పదునెక్కువ కనుక చిన్నవాడు ఫోను నుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు.

సైమన్, గార్‌ఫంకెల్‌ల ‘ది సౌండ్ ఆఫ్ సైలెన్స్’ 1964లో ఉత్త గిటారుతో వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది నిర్మాత టామ్ విల్సన్ వాళ్ళకు చెప్పకుండానే ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు కలిపి వదిలితే 1966 జనవరికల్లా అమెరికాలో మొదటి స్థానానికెక్కింది. బావకు ఈ కథంటే మహా ఇష్టం. “మనదానికీ ఎవరన్నా డోలు కలిపితే బాగుండు” అన్నాడు.

చిన్నవాడి తల్లి ఇప్పపూలు ఎండబెడుతూ అంతా వింటోంది. “ఇద్దరూ ఒక్కతీరు పాడరేందిరా? కొట్లాడుకున్నట్టుంది” అంది. అని ఊరుకోకుండా రేలపాట ఎత్తుకుంది. వీళ్ళు వరస వెతుక్కునేలోపే ఆమె తర్వాతి పాదంలో ఉంది.

“అత్తా, జర మెల్లగ!”

“మెల్లగ పాడితే ఆడేటోళ్ళ కాళ్ళాగుతయ్” అని అదే వేగంతో సాగించింది. ‘రేల’ అని పలికేచోట మాత్రం బామ్మర్ది పై స్వరం పట్టుకున్నాడు. కాసేపు నిలిచింది, ఆ తర్వాత తల్లి గొంతులో కలిసిపోయింది.