ఉప్పు వెయ్యని చేపలు

నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో దిగింది మార్చిలో. స్వొల్వేర్ ఊరి చివర కొయ్య దూలాల మీద, తోకలు జతగా కట్టిన కాడ్ చేపలు వేలకొద్దీ వేలాడుతున్నాయి. కళ్ళు మూసుకున్నాను. అదే వాసన, మా భీమిలి తీరంలోది.

తేడా ఒక్కటే, ఇక్కడ ఉప్పు వెయ్యరు. సున్నాకు అటూ ఇటూ ఊగే చలిగాలే మే దాకా ఆరబెడుతుంది. ఫోన్లో చెబితే అమ్మమ్మ నమ్మలేదు. "ఉప్పెయ్యకపోతే పురుగట్టదేటే?" అంది. ఈగలు పుట్టే వేడి రాకముందే చేప కొయ్యలా ఎండిపోతుందని చెప్పాను.

బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే ఈ చేపల మీదే ఈ ఊళ్ళు బతికాయి. పదేళ్ళ పిల్లలు కూడా కత్తి పట్టి కాడ్ నాలుకలు కోస్తారు, ఆ డబ్బు వాళ్ళదే. నాకది ఎంతో నచ్చింది.

ప్రశాంతంగా ఉంటుందా అని అడుగుతారు స్నేహితులు. ఉంటుంది. కానీ 68 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో డిసెంబరు ప్రశాంతత బరువైనది. దాదాపు నాలుగు వారాలు సూర్యుడు పైకే రాడు. మధ్యాహ్నం కాసేపు నీలం వెలుగు, అంతే. ఆ నెలలో అమ్మ గొంతు వినగానే చాలాసార్లు ఏడ్చాను.

సంక్రాంతి వారంలో ఒక మధ్యాహ్నం నేను పనిచేసే ఆఫీసు గోడ మీద సన్నని ఎండ పడింది. అందరూ పని ఆపి కిటికీ దగ్గరికి వచ్చారు. ఉత్తరాయణం అనే మాట పంచాంగంలో ఎన్నిసార్లు విన్నానో! ఆ రోజు అరచేతి మీద పడింది.