మడత గీత

అమ్మ ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టిందని నాకు తెలిసేసరికి పుస్తకాలు కూడా వచ్చేశాయి. "చెప్తే నవ్వుతావని చెప్పలేదు" అంది. నవ్వేదాన్నేమో.

తొమ్మిదిలో బడి మాన్పించారు. ముప్పయ్యేళ్లుగా జాకెట్లు కుడుతోంది. నా ఇంజనీరింగ్ ఫీజులు ఆ మిషన్ మీంచే వచ్చాయి. అయినా ఏదైనా అడిగితే "నీకర్థం కాదులే అమ్మా" అనేయడం నాకలవాటు.

ఆదివారం గ్రాఫ్ లెక్క ముందేసుకున్నాం. వై ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ మైనస్ 2ఎక్స్ మైనస్ 3. ఎక్స్‌కి మైనస్ 2 నుంచి 4 దాకా విలువలిచ్చి చుక్కలు పెట్టాలి.

మొదటిదాంట్లోనే, మైనస్ 2 వర్గం మైనస్ 4 అని వేసింది.

"తప్పమ్మా. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్."

"ఎందుకు?"

"రూల్ అంతే."

ఎందుకో నాకూ తెలీదు. ఎప్పుడూ అడగలేదు, మార్కులొచ్చాయి కాబట్టి. అమ్మ నా మాట పట్టించుకోకుండా తన లెక్క ప్రకారమే మైనస్ 3 దగ్గర చుక్క పెట్టింది. మిగతావన్నీ సరిగ్గా వచ్చాయి: 0, మైనస్ 3, మైనస్ 4, మైనస్ 3, 0, 5.

స్కేలు పక్కన పెట్టి, చేత్తో ఒక్క వంపులో కలుపుకుంటూ వచ్చి ఎడమ చివర ఆగిపోయింది.

"మెడ ఇలా రాదే. అటు పైకెళ్లి ఇటు కిందికి పడిందేంటి?"

కాగితాన్ని ఎక్స్ 1 దగ్గర నిలువుగా మడిచి కిటికీ వెలుగుకి పట్టింది, జాకెట్ మెడ కత్తిరించే ముందు గుడ్డని మడిచినట్టే. 0 మీద 0, మైనస్ 3 మీద మైనస్ 3 పడ్డాయి. 5కి మాత్రం జోడీ లేదు. తన చుక్క చెరిపేసి 5 దగ్గర పెట్టింది. తర్వాత వెనక్కి లెక్క కట్టుకుంది. "అయితే ఆ వర్గం 4 అవ్వాలన్నమాట."

మైనస్ బి బై 2ఏ అని నేను బట్టీపట్టిన సూత్రం చెప్పేది ఈ మడత ఎక్కడ పడుతుందనేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆ రాత్రి కూర్చుని రాసుకున్నాను. మైనస్ 2ని 3తో, 2తో, 1తో, 0తో గుణిస్తే మైనస్ 6, మైనస్ 4, మైనస్ 2, 0. మెట్టుకి రెండు చొప్పున పెరుగుతోంది. ఇంకో మెట్టు దిగి మైనస్ 1తో గుణిస్తే 2 రాక తప్పదు. పొద్దున్నే అమ్మకి చూపించాను.

"ఇది నిన్ననే చెప్పచ్చుగా" అంది. కాసేపాగి అడిగింది: "పరీక్షలో కాగితం మడిస్తే మార్కులు తీసేస్తారా?"

తెలీదన్నాను. "నీకర్థం కాదులే" అనకుండా అమ్మకి తెలీదని చెప్పడం నాకదే మొదటిసారి.