కనుపాపతో మొదలయ్యే బొమ్మ

పంజాగుట్టలో మెట్రో దిగి, దుప్పట్లో చుట్టిన పటాన్ని చంటిపిల్లలా పొదివి పట్టుకుని అమీర్‌పేట వైపు నడిచాను. అది మా నాయనమ్మ పుట్టింటి శ్రీరామ పట్టాభిషేకం, చిత్తూరు నుంచి వచ్చింది. గాజు వెనకవైపు రంగులు వేసిన బొమ్మ. మూడేళ్ల కింద ఒక దుకాణంలో శుభ్రం చేయమని ఇస్తే, అక్కడి కుర్రాడు వెనక తడిగుడ్డ పెట్టి తుడిచాడు. లక్ష్మణుడి భుజం గుడ్డకు అంటుకుని వచ్చేసింది. ఆ రోజు నుంచి దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు.

కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు దాటి సందులోకి తిరిగితే పటాలు కట్టే చిన్న దుకాణం. మేస్త్రీకి డెబ్బై దాటాయి. వకీళ్ల పేర్లు, డాక్టర్ల పేర్లు గాజు వెనక రాసి ఇల్లు గడుపుకున్నాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. పటం విప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

“నిలబెట్టకు బిడ్డా. గాజు కిందికి, రంగు మీదికి వచ్చేటట్టు పండబెట్టు. లేచిన రంగు జారిపోకుంట ఉంటది.”

తుడిచిన సంగతి చెబితే ఆయన ముఖం చిన్నబోయింది. కాగితమైతే రంగును పీల్చుకుంటుంది, గుడ్డా అంతే. గాజుకు ఆ గుణం లేదు. రంగు దాని మీద ఊరికే కూర్చుని ఉంటుంది. చెమ్మ తగిలినా, ఎండకు వేడెక్కినా పెచ్చులై లేస్తుంది.

ఎలా వేస్తారో చూపించమని అడిగాను. అరచేతంత గాజుముక్క తీసి, సన్నని కుంచెతో నల్లచుక్క పెట్టాడు. అది కనుపాప. ఆరాక దాని చుట్టూ తెలుపు, ఆ పైన రెప్ప గీత. చివరకు వాటన్నిటినీ కప్పేస్తూ ముఖం రంగు పూశాడు. నావైపు నుంచి చూస్తే కన్ను మాయమై, ఒట్టి గోధుమరంగు ముద్ద మిగిలింది. గాజు తిప్పి పట్టుకున్నాడు. కన్ను నన్నే చూస్తోంది.

మన శిల్పులు విగ్రహమంతా పూర్తయ్యాకే నేత్రోన్మీలనం చేస్తారు. ఇక్కడ కన్నే మొదలు. నగ మెరుపు, నుదుటి బొట్టు, చీర అంచు ముందు పడాలి. ఒళ్లు, చీర, వెనకున్న గోడ తర్వాత. మొదట వేసిన గీత తప్పితే పైన ఎన్ని పూతలు వేసినా దాగదు, అదే ముందుకు కనబడుతుంది. “ఉల్టా రాసుడు చెయ్యికి వస్తది. ఉల్టా ఆలోచించుడే కష్టం” అన్నాడు మేస్త్రీ.

ఇలాగే గాజు వెనక రంగులు వేసిన పలకలున్న, ఇటలీలోని నేపుల్స్ బీరువాల ఫోటోలు ఫోన్‌లో ఆయనకు చూపించాను. పదిహేడో శతాబ్దంలో ఆ ఊరి వడ్రంగులు నల్లచేవ చెక్క, తాబేటి చిప్ప కలిపి ఎన్నో చిన్న సొరుగులున్న బీరువాలు చేసేవారు. వాటిని స్టీపో అంటారు. ఒక్కో సొరుగు ముఖానికి ఒక్కో గాజు బొమ్మ, చాలావాటి మీద గ్రీకు, రోమన్ పురాణాల దేవతలు. లూకా జొర్దానో (1634–1705) బాణీలో గీసే చిత్రకారులు ఈ పనికి పెట్టింది పేరు. నేపుల్స్ అప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉండేది కనుక ఆ బీరువాలు అక్కడి పెద్దిళ్లకూ చేరాయి.

మేస్త్రీ దేవతలను చూడలేదు. గాజు అంచుల్నే పెద్దది చేసి చూశాడు. “వానాకాలం చెక్క ఉబ్బుతది, ఎండాకాలం గుంజుకుంటది. గాజు కదలదు. బిగించి కొట్టిండ్రంటే పగులుడే. సొరుగు దబ్బున మూసినా రంగు రాలుతది.” మూడొందల ఏళ్లకు పైగా ఆ సొరుగులను మెల్లగా మూసిన చేతులెన్నో అనిపించింది నాకు.

ఈ విద్య మనవాళ్ల చేతికి వచ్చిన దారి వేరు. పద్దెనిమిదో శతాబ్దంలో చైనా నుంచి ఓడల్లో వచ్చిన గాజు బొమ్మలను చూసి ఇక్కడివాళ్లు పట్టుకున్నారు. తంజావూరులో బంగారు రేకు చిత్రాలు వేసిన రాజు కులపు చిత్రకారులు, విజయనగరం పతనం తర్వాత దక్షిణానికి తరలిన తెలుగువాళ్లు. రెండో శరభోజి ఏలిన కాలంలో (1798–1832) ఆ ఊళ్లో పలక మీదా, గాజు మీదా బొమ్మలు వేశారు. మా పటంలో సీతమ్మ వడ్డాణం దగ్గర రంగు లేదు. అక్కడ గాజును ఖాళీగా వదిలి వెనక తళుకు రేకు అమర్చారు. వెలుతురు పడితే ఇప్పటికీ మెరుస్తుంది.

నేను దిగిన పంజాగుట్టకు ఒక్క స్టేషన్ దూరంలో, గుట్ట మీద ఎర్రమంజిల్ ఉంది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మహలు. కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేయడంతో నిలిచింది. గోడల కోసం కోర్టు దాకా వెళ్లేవాళ్లు ఉన్నందుకు సంతోషమే. కానీ పాత ఇళ్లలోని బీరువాలకు, పటాలకు, వాటి గాజుల మీది రంగులకు ఏ కోర్టు ఉంది? తడిగుడ్డ ఒక్కటి చాలు.

భుజం మళ్లీ వేయమని అడిగాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. కొత్త రంగులోని నూనె పాతదాన్ని కూడా లేపుతుందన్నాడు. ఫ్రేము లోపల నాలుగంచులా సన్నని చెక్కపట్టీలు పెట్టాడు, వెనక అట్ట రంగును తాకకుండా. రంగు కాగితాలు ఒక్కొక్కటే పోల్చి చూసి, లక్ష్మణుడి ఒంటి చాయ దొరికాక, భుజమంత ముక్క కత్తిరించి ఆ అట్టకే అంటించాడు.

పటం తిప్పి చూపించాడు. భుజం ఉన్నచోట ఉంది. మిగతా ఒంటి కంటే నూలుపోగంత లోపలికి, కొంచెం నీడలో.