పైపులైన్ కూలీల గదులే హోటల్ అయినయ్



గల్ఫ్‌లో పోర్టా క్యాబిన్లలో పడుకున్నోళ్లం కదా, ఈ సంగతి మనకు తొందరగా అర్థమవుతుంది. అలాస్కాలో ఆర్కిటిక్ వలయం దాటినంక, డాల్టన్ హైవే 175వ మైలు దగ్గర కోల్డ్‌ఫుట్ అనే చోటు ఉంది. అక్కడి హోటల్ గదులు ఒకప్పటి లేబర్ క్యాంపువే. 1975–77లో 800 మైళ్ల చమురు పైపులైన్ వేసిన కూలీలు వాటిలోనే ఉన్నారు. ఇప్పుడు ఆకాశంలో వెలుగులు చూడొచ్చిన టూరిస్టులు డబ్బులిచ్చి పడుకుంటున్నారు.

అంత చలిలో కాంక్రీటు పోస్తే గట్టిపడకముందే అందులో నీళ్లు గడ్డకడతాయి. అందుకే గదులను వైరింగు, ప్లంబింగుతో సహా ఫ్యాక్టరీలో చేసి, ట్రక్కుల మీద తెచ్చి క్రేన్‌తో దించుతారు. ఇంకా ఉత్తరాన నేల లోపలంతా ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. గది వేడికి అది కరిగితే బిల్డింగు కుంగుతుంది. అందుకని స్తంభాల మీద లేపి, కింద గాలి ఆడనిస్తారు.

మాలాంటి సైటోళ్లకు ఇందులో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఫ్యాక్టరీలో చేతివేళ్లు మొద్దుబారవు, మంచు మీద జారిపడే భయం లేదు. కానీ సైటు మీద పనిరోజులు తగ్గుతాయి, ఓవర్‌టైమూ పోతుంది. మిగిలేది జాయింట్ల పని. రెండు గదులు కలిసేచోట సన్నటి సందున్నా చలిగాలి దూరి, లోపలి నీళ్ల పైపు పగులుతుంది.

అందుకే కుర్రాళ్లకు మేము చెప్పేది ఒకటే: క్రేన్ సిగ్నళ్లు, రిగ్గింగు, జాయింట్ సీలింగు నేర్చుకోండి. గోడలు ఫ్యాక్టరీకి పోయినా ఈ పని మాత్రం సైటు మీదే చెయ్యాలి.