గోధుమల వడ్డీ, తెలుగు నవల

మా కే.జీ.కండిగై తిరుత్తణి తాలూకాలోని ఊరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. మా ఇళ్ళలో తెలుగు మాత్రం మారలేదు. ఈ వైపు పిల్లలెవరైనా విదేశానికి చదువుకు పోతున్నారంటే చాలు, పెద్దవాళ్ళు వెంటనే రాధాకృష్ణన్ గారి పేరెత్తుతారు. 1888లో తిరుత్తణిలో పుట్టి, స్కాలర్‌షిప్పులతో చదువుకుని, 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవి అందుకున్న మనిషి. 1975లో వచ్చిన టెంపుల్టన్ బహుమతి సొమ్మును ఆ విశ్వవిద్యాలయానికే ఇచ్చేశారు. పేరు తలుచుకోవడం మంచిదే గాని, దరఖాస్తు ఎలా నింపాలో ఆ పేరు చెప్పదు గదా!

ఆ పని మా అక్క కూతురి విషయంలో నా మీద పడింది. ఆ అమ్మాయి కాలేజీలో పాఠాలు చెబుతూ, 1960-70ల నాటి తెలుగు రచయిత్రుల నవలల మీద పిహెచ్.డి. చేస్తోంది. మా అమ్మ తరం ఆడవాళ్ళు అద్దెపుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుని రాత్రిళ్ళు చదివిన నవలలు అవి. చేతులు మారి మారి అట్టలూడి, చివరికి పాతపేపర్ల తూకంలోకి పోయాయి. ఇక్కడ ఎంత వెతికినా దొరకనివి అమెరికా లైబ్రరీలలో ఉన్నాయని మా అమ్మాయికి తెలిసింది.

అవి అక్కడికి ఎలా చేరాయన్నది నాలాంటి కామర్సు వాడికి ఇష్టమైన కథ. 1954 నాటి పి.ఎల్. 480 చట్టం కింద అమెరికా మనకు గోధుమలు అమ్మి, బదులుగా రూపాయలు తీసుకునేది. ఆ రూపాయలను డాలర్లుగా మార్చి తీసుకుపోయే వీలు లేక ఇక్కడే పేరుకుపోయాయి. 1962 నుంచి ఆ సొమ్ములో కొంత పెట్టి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన భాషల పుస్తకాలు కొని, అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. అందులో తెలుగు కూడా ఉంది. రేషను గోధుమల బాకీతో మన నవలలు ఓడెక్కాయన్నమాట!

వాటిని చూడటానికి పోవాలంటే ఉన్న దారి ఫుల్‌బ్రైట్. దాని పుట్టుక కూడా ఇలాంటి లెక్కే. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక విదేశాలలో మిగిలిపోయిన సామాను అమ్మగా వచ్చే సొమ్మును చదువుల మార్పిడికి వాడాలని సెనేటర్ ఫుల్‌బ్రైట్ ప్రతిపాదించగా 1946లో చట్టమైంది. మన దేశంతో ఒప్పందం 1950 ఫిబ్రవరి 2న జరిగింది. 1951లో కరువు రోజుల్లో అమెరికా మనకు 19 కోట్ల డాలర్ల గోధుమ అప్పు ఇచ్చినప్పుడు, మనం కట్టే వడ్డీలో 50 లక్షల డాలర్ల దాకా పుస్తకాలకు, పరికరాలకు, అధ్యాపకుల రాకపోకలకు కేటాయించారు. వడ్డీని ఇలా వాడిన అప్పును నా సర్వీసులో నేనింకొకటి చూడలేదు. 2008లో భారత ప్రభుత్వం సమాన భాగస్వామి అయినప్పటి నుంచి దీన్ని ఫుల్‌బ్రైట్-నెహ్రూ అంటున్నారు.

మొదటి ఏడు మా అమ్మాయికి రాలేదు. తను రాసిన పరిశోధన ప్రణాళిక నాకు చూపించింది. ఇంగ్లీషు బాగుంది, పని ఎక్కడా కనబడలేదు. సాహిత్య విమర్శ నాకు రాదు గాని, లోను అప్లికేషన్లు చదవడం వచ్చు. "చూడమ్మా, మా దగ్గరికి వచ్చిన రైతు 'వ్యవసాయాభివృద్ధి కోసం' అని రాస్తే అప్పు ఇవ్వం. ఎన్ని ఎకరాలు, ఏ పంట, బోరుకెంత, కోత ఎప్పుడు అని అడుగుతాం. నువ్వు కూడా ఏ లైబ్రరీ, ఏ సంవత్సరాల పుస్తకాలు, నెలకెన్ని చూస్తావు, ఏం తెస్తావు అని రాయి," అన్నాను. "మామా, నవలలకూ బోరుబావికీ పోలికా!" అని నవ్వింది గాని, కూర్చుని మొత్తం తిరగరాసింది. చికాగో విశ్వవిద్యాలయం లైబ్రరీ జాబితా ముందు పెట్టుకుని పేర్లు ఏరింది. అక్కడి ఆచార్యులకు ఐదు ఉత్తరాలు రాస్తే ఒకరు జవాబిచ్చారు. ఆ ఒక్క ఆహ్వానపత్రం చాలింది. అన్నిటికన్నా ఆలస్యమైంది సెలవు మంజూరు కాగితం. దానికోసం కాలేజీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. దరఖాస్తు నుంచి విమానం ఎక్కేదాకా ఏడాది దాటుతుంది కనుక, ఈ దారిన పోయేవాళ్ళు ఆ కాగితం పని ముందే మొదలుపెట్టడం మేలు.

రెండోసారి ఇంటర్వ్యూకు పిలిచారు, ఎంపికైంది. అప్పుడు మొదలైంది ఇంట్లో గొడవ. మా బావ చెరకు రైతు. ఆ ఏడు చెరకు డబ్బు చేతికి రాక అక్క నగలు కుదువపెట్టి ఉన్నాడు. "డాలర్లలో ఇస్తారట గదా, ఆర్నెల్లలో నగలు విడిపించుకోవచ్చు. అమ్మాయి అట్లే అక్కడ ఉద్యోగం చూసుకుంటే మంచి సంబంధం కూడా వస్తుంది," అని అతని లెక్క. తండ్రిగా అందులో తప్పేమీ లేదు. కానీ రెండూ జరిగేవి కావు. ఆ సొమ్ము జీతం కాదు. అద్దెకు, తిండికి, పనికి సరిపడా ఇచ్చే స్టైపెండు. రానుపోను టిక్కెట్టు, ఆరోగ్య రక్షణ వాళ్ళవే. ఇక ఆ జె-1 వీసా మీద పోయినవాళ్ళు తిరిగివచ్చి స్వదేశంలో మొత్తం రెండేళ్ళు ఉంటే తప్ప హెచ్ వీసాకు గాని, గ్రీన్‌కార్డుకు గాని అర్హులు కారు. ఈ షరతు చెప్పినప్పుడు బావ ముఖం వాడిపోయింది. "అట్లయితే పోయి ఏం లాభం?" అన్నాడు. అమ్మాయి తలెత్తకుండా, "నాయనా, నేను పోయేదే తిరిగి రావడానికి. నా పుస్తకం ఇక్కడివాళ్ళ గురించే గదా," అంది. ఆ రాత్రి అక్క ఎవరితోనూ మాట్లాడలేదు. తెల్లారి లేచి, "నగలు నావి. ఎప్పుడు విడిపించాలో నేను చెప్తా. నువ్వు పో అమ్మా," అంది.

ప్రయాణానికి ముందు ఒక నోటుబుక్కు ఇచ్చి గీతలు కొట్టించాను. నోట్లుగా వెంట తీసుకుపోగలిగేది 3,000 డాలర్ల దాకానే; కాని అంత కూడా అక్కర్లేదు, మొదటి రెండు వారాలకు చాలినంత నోట్లు, మిగతాది కార్డులో. అక్కడ చేరగానే ఇచ్చే ఖర్చుల సొమ్ము అద్దె అడ్వాన్సుకే సరి. మొదటి నెల నుంచే కొంత పక్కన పెట్టి, ఒక నెల స్టైపెండంత కూడేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నాను. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ఇలాంటి కార్యక్రమాల చెల్లింపులు కొన్నాళ్ళు ఆపినప్పుడు, ఈ మాట ఎందుకన్నానో తనే నాకు గుర్తుచేసింది. అప్పటికే తిరిగి వచ్చేసింది కాబట్టి తనకు ఇబ్బంది కలగలేదు. ఇంకో మాట కూడా చెప్పాను: కాఫీ తాగినప్పుడల్లా రూపాయల్లో గుణించుకోవద్దు, గుణిస్తే తాగలేవు. ఈ సలహా మాత్రం పాటించలేదట.

2023 ఆగస్టులో పోయి తొమ్మిది నెలలుంది. ఒకరోజు ఫోనులో గొంతు వణికింది. ఒక నవల తీసిందట, గట్టి బైండింగుతో, ఒక్క పేజీ చిరగకుండా ఉంది. వెనక అతికించిన తేదీల చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు. "అరవై ఏళ్ళలో ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు మామా. మన ఊళ్ళో అయితే చిరిగిపోయేదాకా చదివారు," అంది.

తెచ్చిన నోట్సుతో ఇప్పుడు థీసిస్ రాస్తోంది. నగలు మరుసటి ఏడు చెరకు డబ్బుతో బావే విడిపించాడు. ఆ నోటుబుక్కు మా వీధి చివరి అబ్బాయి పట్టుకుపోయాడు. వాడిది భూగర్భజలాల మీద పరిశోధన. ప్రణాళిక మొదటి ప్రతి నాకు తెచ్చిచ్చాడు. అందులో బోరుబావులున్నాయి గాని, ఎన్నో రాయలేదు.