పొట్ట జమాఖర్చు

పొట్ట పెరిగే తీరూ, అప్పు పెరిగే తీరూ ఒక్కటే. రెండూ చడీచప్పుడు లేకుండా వస్తాయి, పదిమందిలో బయటపడతాయి. ముప్పయ్యేళ్లు బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి, నాకు యీ సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. నిరుడు రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర 6.2 అని తేలింది. 5.7 మొదలు 6.4 దాకా అయితే మధుమేహం గుమ్మంలో నిలబడ్డట్టే లెక్క. నడుము కొలత 101 సెంటీమీటర్లు. మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 దాటితే ప్రమాదమని వైద్యులంటారు.

"కొన్నాళ్లు పస్తుండండి, అదే తగ్గుతుంది" అన్నది మా ఆవిడ.

ఆ మాటతో నాకు మా నాన్నగారు జ్ఞాపకం వచ్చారు. షుగరు వచ్చిందని ఆయన కఠినంగా పథ్యం చేశారు. మనిషి సన్నబడ్డారు, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కాని రెండేళ్లు తిరిగేసరికి పీట మీంచి లేవాలంటే ఇద్దరు చెయ్యి అందించవలసి వచ్చింది. పోయింది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. నేను వదుల్చుకోదలచినది పొట్టను గాని, కాళ్లను కాదు గదా!

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. తిండి తగ్గితే శరీరం కొవ్వుతోపాటు పనిలేని కండనూ కరిగించుకుంటుంది. బరువులెత్తి కండకు పని చెప్పి, తగినన్ని మాంసకృత్తులు అందిస్తే ఆ కండ చాలామటుకు నిలుస్తుంది. పైగా భోజనమయ్యాక రక్తంలో చేరిన చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది కండే. షుగరు భయమున్నవాడికి అది బ్యాంకులో డిపాజిట్టు వంటిది.

డాక్టరు గారి అనుమతి తీసుకుని సోమ, బుధ, శుక్రవారాలు బరువులకు కేటాయించాను. ఒక జత డంబెల్సు, బస్కీలు, గోడకు చేతులానించి దండీలు — ఒక్కొక్కటి పదేసి చొప్పున మూడు విడతలు. పది తేలికనిపించగానే బరువు కాస్త పెంచాలి. దీనికి ప్రాణం అదే.

"శాకాహారులకు కండలేమిటండీ?" అని పక్కింటాయన సందేహించారు. వీరఘట్టంలో పుట్టి దేశమంతా పేరు తెచ్చుకున్న కోడి రామమూర్తి నాయుడు గారు శాకాహారే కదా అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు.

ఇక తిండి. బరువులెత్తే మూడు రోజులూ అన్నం మామూలే. మిగిలిన నాలుగు రోజులూ అన్నంలోనూ, సాయంత్రపు జంతికల్లోనూ కలిపి రోజుకు 600 కెలోరీల కోత. పప్పు, శనగలు, పెరుగు, కూరలు ఏ రోజూ తగ్గించలేదు. వారానికి లోటు 2,400. కిలో కొవ్వుకు సుమారు 7,700 కెలోరీలు గనక, వారానికి కిలోలో మూడోవంతు తగ్గాలి. ఇందులో మంత్రమేమీ లేదు. రోజూ సమానంగా కోసినా వారం లెక్క అదే. కాని, ఎత్తే రోజున కడుపునిండా తింటే చేతుల్లో సత్తువ ఉంటుంది. కోత రోజున "రేపు అన్నముంది" అన్న ధైర్యం ఉంటుంది. ద్వాదశి పారణ ఉందనే కదా మన పెద్దలు ఏకాదశిని దాటించారు!

ఒక శనివారం ఉదయం కాటా మీద నిలబడితే కిలో పెరిగి ఉన్నాను. "ఇదేనా మీ తపస్సు?" అన్నది మా ఆవిడ. అన్నంలోని పిండిపదార్థం గ్లైకోజెన్‌గా మారి కండలో నిలవ ఉంటుంది. దాని ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీరు తోడు చేరుతుంది. అది నీటి జమ, మళ్లీ ఖర్చయిపోతుంది. అందుకని వారానికొక్కసారే, అదీ ఒకే వారం, ఒకే వేళ, తూచుకోవడం మంచిది. కాటాకు తోడు నడుముకు టేపు కూడా ఉండాలి. ఏం తగ్గిందో కాటా చెప్పదు.

అయిదు నెలలకు 78 కిలోలు 72 అయినాయి. నడుము 92కు దిగింది. ఇంకా రెండు బాకీ. చక్కెర 5.6. కార్తీక వనభోజనాల్లో విస్తరి ముందునుంచి చెయ్యి ఆనించకుండా లేచాను. ఆ క్షణాన నాన్నగారు ఉంటే బాగుండుననిపించింది.

షుగరుకు మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా తిండి తగ్గించకండి. చక్కెర మరీ పడిపోతే ప్రమాదం.

మొన్న టేపు కనిపించక వెతుకుతూంటే మా ఆవిడ దగ్గర దొరికింది. ఎంత వచ్చిందని అడిగాను. చెప్పలేదు. "ఆ చిన్న డంబెల్సు ఎక్కడ దొరుకుతాయి?" అన్నది.