మూసీ నీళ్లలో యూరియా

ఉప్పల్ నుంచి నాగోల్ వెళ్తుంటే మూసీ బ్రిడ్జి రాగానే బైకుల మీదున్నవాళ్ల చేతులు వాటంతటవే ముక్కు దగ్గరికి వెళ్తాయి. నాచారంలో అద్దెకుండబట్టి ఐదేళ్లయింది, నాకూ ఆ కంపు అలవాటు కాలేదు. కానీ ఆ నీళ్లే పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు గడ్డి మడుల్లోకి పారితే, కోసినకొద్దీ నిగనిగలాడుతూ లేస్తుంది. మోపులు కట్టి బర్రెల డెయిరీలకు అమ్ముతారు. దానికి ఎరువు మన డ్రైనేజీయే! నగరం తిన్న పప్పు, తాగిన పాలు చివరికి నత్రజనిగా మూసీలో కలుస్తాయి మరి. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు ఈ సాగును చాలాకాలం అధ్యయనం చేశారు కూడా.

మాది వలిగొండ వైపు. మూసీ కాల్వ కింద రెండెకరాల వరి. అంటే నేను నాచారంలో వదిలిన నీళ్లే మా నాయిన మడిలోకి వెళ్తాయన్నమాట. నవ్వులాటకే అన్నా, మాట మాత్రం నిజం.

2025 వానాకాలంలో యూరియా కరువొచ్చింది కదా. తెల్లారకముందే సొసైటీ ముందు చెప్పులు, పాస్‌బుక్కులు లైన్లో పెట్టిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ లైన్లో మా అమ్మ కూడా ఉంది. 266 రూపాయల 50 పైసల సంచి కోసం రెండు రోజుల కూలి పోయింది. నాయినకేమో ఎకరాకు మూడున్నర సంచులు పడాల్సిందే. "పక్కోని చేను నల్లగున్నది, మనది పాలిపోయింది" అన్నదే ఆయన కొలమానం.

నాకు తెలిసిన పని లెక్కలే కాబట్టి ఓ ఆదివారం ఎక్సెల్ తెరిచాను. వానాకాలం వరికి ఎకరాకు సిఫారసు 40 నుంచి 48 కిలోల నత్రజని. యూరియాలో 46 శాతం ఉంటుంది, 45 కిలోల సంచికి 20 కిలోల పైచిలుకు. డీఏపీ సంచిలో ఇంకో 9 కిలోలు; దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. ఎలా చూసినా యూరియా రెండు సంచులు దాటదు. ఇక కాల్వ నీళ్లు. ఎకరంలో మీటరు లోతు నీళ్లంటే 40 లక్షల లీటర్లు. లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని ఉందనుకున్నా పంటకాలంలో 40 కిలోలు! అందులో కొంతే మొక్కకు అందినా, ఒక సంచి ఆపేయొచ్చు.

ఎక్కువేస్తే నష్టమేంటంటారా? వరికి వేసిన నత్రజనిలో సగం కూడా మొక్కకు అందదు. నిండా నీళ్లున్న మడిలో చల్లితే అమ్మోనియాగా గాలిలోకి పోతుంది. కొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది, అది భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు ఘాటు. కొంత నైట్రేటుగా భూమిలోకి దిగుతుంది. పోనీ చేనైనా బాగుంటుందా అంటే, నల్లగా ఉన్న చేనుకే దోమపోటు, అగ్గితెగులు ముందు వస్తాయి. గాలొస్తే పడిపోయేదీ అదే.

ఇవన్నీ చెబితే నాయిన ఒక్కటే అన్నాడు: "నీ కంప్యూటర్ల చేను కనవడుతదారా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ అప్పుడే అక్క కాన్పుకొచ్చింది. పాపకు డబ్బాపాలు ఇంటి బోరు నీళ్లతోనే కలుపుతున్నారు. నాకెందుకో మనసు నిలవక ఒక సీసాడు నీళ్లు తెచ్చి నాచారంలో ఓ ల్యాబ్‌కిచ్చాను. నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. మా బోరు దాన్ని దాటింది. ఆరు నెలల్లోపు పిల్లలకు ఇది ప్రమాదం. రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలంగా మారొచ్చు.

"కాగబెట్టే పోస్తున్నం కద బిడ్డా" అంది అమ్మ. కాచితే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది. రంగూ వాసనా ఉండవు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ రోజు నుంచే పాపకు భగీరథ నల్లా నీళ్లు పోస్తున్నారు. నిజానికి తప్పంతా యూరియాదే అనలేం. బోరు పక్కనే పెంటకుప్ప ఉంది, అవతల మరుగుదొడ్డి గుంత ఉంది.

నాయిన ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి యాసంగిలో పది గుంటల మడి "నీ ఇష్టం" అని వదిలేశాడు. అందులో యూరియా చల్లే ముందు నీళ్లు తీసేసి బురద మీదే వేశాం, రెండు రోజులయ్యాక మళ్లీ నీళ్లు పెట్టాం. మిగతాది ఆకు రంగుల పట్టిక చూసి వేయాలి. పది దుబ్బుల్లో పైనున్న విచ్చుకున్న ఆకులను పట్టికతో పోల్చి, ఆరు దుబ్బులు పాలిపోతేనే మందు. పట్టిక ఒక ప్లాస్టిక్ ముక్క, అంతే. నాయిన దాన్ని చొక్కా జేబులో బీడీకట్ట పక్కన పెట్టుకున్నాడు.

మొన్న వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ఎండ నేరుగా పడి ఆకు తెల్లగా మెరుస్తోంది, రంగు పోల్చుకునేలా లేదు. సూర్యుడికి వీపు పెట్టి, నీ నీడలో ఆకు చూడు నాయినా అని మెసేజ్ పెట్టాను. పావుగంటకు ఇంకో తొమ్మిది ఫొటోలొచ్చాయి.